దేశాలన్నిటి పైన ఒక ప్రభుత్వం కావాలా, దేశాలు కలిసి నడిచే సమాఖ్య సరిపోతుందా?

మాచర్ల సాగర్

చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

2023 నవంబర్ 30 పొద్దున నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గరికి వెళ్లాను. అంతకుముందు రాత్రి మా ఏపీ పోలీసులు పెద్ద సంఖ్యలో వచ్చి, 26 గేట్లలో పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె అడ్డం పెట్టారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. అవతల తెలంగాణలో ఆ రోజే అసెంబ్లీ పోలింగ్. కంచెకు ఇటు మా పోలీసులు, అటు వాళ్ల పోలీసులు. మమ్మల్ని ఆపేసిన చోటు నుంచి చూస్తుంటే, ఎండెక్కాక అటువైపు కానిస్టేబుల్ ఒకాయన కంచె మీదుగా చెయ్యి చాపాడు. ఇటువైపాయన నీళ్ల సీసా ఇచ్చాడు. తాగి తిరిగిచ్చేశాక ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డారు.

తర్వాత కేంద్ర హోం కార్యదర్శి రెండు రాష్ట్రాల అధికారులతో మాట్లాడి, నవంబర్ 28 నాటి పరిస్థితికి వెనక్కి వెళ్లమన్నారు. డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌కి అప్పజెప్పారు. రెండు రాష్ట్రాలూ సరేనన్నాయి.

అప్పటి నుంచి ఇదే ఆలోచన. మాకు పైన ఢిల్లీ ఉంది కాబట్టి గొడవ కంచె దగ్గరే ఆగింది. అదే రెండు దేశాలైతే? 1960లో రాసుకున్న సింధు జలాల ఒప్పందం రెండు పెద్ద యుద్ధాలు దాటుకుని వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన దేశం దాన్ని పక్కన పెట్టింది. అది తప్పని అనడం లేదు, కారణం అందరికీ తెలిసిందే. కానీ ఇద్దరినీ కూర్చోబెట్టి "ఇక చాలు" అనగలిగిన వాడు ఎవరూ లేరు కదా. దేశాల పైన కూడా ఒక ప్రభుత్వం ఉంటే తప్పేంటి?

నిర్మల, ఖమ్మం

సాగర్ గారూ, ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా ఎవరో ఒక పిల్లవాడు ఈ ప్రశ్న అడిగేవాడు. మళ్లీ వినడం సంతోషంగా ఉంది.

దీని మీద అందరికంటే గట్టిగా ఆలోచించినవాడు జర్మన్ తత్వవేత్త కాంట్. 1795లో శాశ్వత శాంతి మీద చిన్న వ్యాసం రాశాడు. మనుషులు అడవి బతుకు వదిలి చట్టం కిందికి వచ్చినట్టే దేశాలు కూడా రావాలి, తర్కం ప్రకారం ప్రపంచ గణతంత్రమే సరైనదని ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా, అది వద్దు, స్వేచ్ఛగా ఉన్న దేశాల సమాఖ్యే కావాలన్నాడు. దేశాలు ఎలాగూ ఒప్పుకోవన్నది ఒక కారణం. రెండోది నాకు ముఖ్యం: పాలన ఎంత దూరం పాకితే చట్టం అంత పలచబడుతుంది, చివరికి ప్రాణం లేని నిరంకుశత్వం మిగులుతుంది, అదీ కూలిపోయి అరాచకం వస్తుంది అన్నాడు.

నేను ఇప్పటికీ కాంట్ పక్షమే. డ్యామ్ మీద ఆగింది కదా అని ప్రపంచమంతా ఆగుతుందనుకోకండి.

పాలమూరు యాదగిరి

మేడమ్, నేను చదువుకున్నది పదో తరగతి. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉన్నాను, ఏ దేశమో చెప్పను. దిగిన రోజే నా పాస్‌పోర్టు కంపెనీవాళ్లు తీసుకుని బీరువాలో పెట్టారు. ఏడు నెలల జీతం ఆపారు. అక్కడి ఆఫీసుకు పోతే "నీ స్పాన్సర్‌ను అడుగు" అన్నారు. మనవాళ్ల దగ్గరికి పోతే "వాళ్ల చట్టం, వాళ్ల దేశం, మేం ఉత్తరం మాత్రం రాయగలం" అన్నారు. రాశారు కూడా. జవాబు రాలేదు.

ఒక రూంల పన్నెండు మందిమి. నేపాల్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, కరీంనగర్ వాళ్లు. అందరిదీ అదే కథ. మా పన్నెండు మందికి ఐదారు దేశాల జెండాలు ఉన్నాయి, మా గురించి అడిగేటోడు మాత్రం ఒక్కడు లేడు.

1919 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉందని తర్వాత తెలిసింది. మంచి మంచి ఒడంబడికలు రాసింది. ఇష్టమున్న దేశం సంతకం పెడుతుంది, ఇష్టం లేనిది పెట్టదు. యజమానికి ఇష్టమైతేనే అమలయ్యే కూలి చట్టం మన ఊర్లో ఉంటే దాన్ని చట్టం అంటామా?

నాకు ప్రపంచ ప్రభుత్వమే కావాలి.

విజయనగరం వాసు

యాదగిరి అన్నా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా అనుమానం చెప్పాలి.

మీరు పైన కూర్చోబెట్టాలనుకునేవాడు మంచివాడని ఎవరు చెప్పారు? చెడ్డ ప్రభుత్వం వస్తే ఈ రోజు మనిషికి ఒక్క దారైనా ఉంది: సరిహద్దు దాటడం. హిట్లర్ జర్మనీ నుంచి ఐన్‌స్టీన్ తప్పించుకోగలిగాడంటే, తీసుకోవడానికి వేరే దేశాలు ఉండబట్టే. భూమి మొత్తానికి ఒకటే ప్రభుత్వం ఉండి, అదే చెడిపోతే ఎక్కడికి పోతాం?

నెల్లూరు ప్లీడరు

వాసు గారూ, ఐన్‌స్టీన్ పేరు తెచ్చారు కాబట్టి చెప్తున్నా. తప్పించుకున్న ఆ ఐన్‌స్టీనే ప్రపంచ ప్రభుత్వం కావాలని పట్టుబట్టాడు. 1947లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు బహిరంగ లేఖ రాశాడు. అణుబాంబు వచ్చాక సార్వభౌమ దేశాల పద్ధతి సాగదన్నది ఆయన వాదన. దానికి నలుగురు సోవియట్ శాస్త్రవేత్తలు జవాబు రాశారు: మీరు చెప్పే ప్రపంచ ప్రభుత్వం పెట్టుబడిదారుల పెత్తనానికి ముసుగే అని. అంటే మీ అనుమానం అప్పుడే పుట్టింది.

ఇంకొకటి. ప్రపంచ సమాఖ్య అన్నది మనకు పరాయి ఆలోచన కాదు. 1942 ఆగస్టు 8న బొంబాయిలో ఆమోదించిన క్విట్ ఇండియా తీర్మానం పూర్తి పాఠం ఎప్పుడైనా చదివారా? అందరికీ గుర్తున్నది "వెళ్లిపొండి" అన్న మాట ఒక్కటే. అందులోనే స్వతంత్ర దేశాల ప్రపంచ సమాఖ్య రావాలని, అది వచ్చాక దేశాలకు సొంత సైన్యాలు అక్కర్లేదని, సమాఖ్య రక్షణ దళమే శాంతిని కాపాడుతుందని రాసి ఉంది. ఆ తీర్మానం తర్వాత అరెస్టయి నెహ్రూతో పాటు అహ్మద్‌నగర్ కోటలో ఉన్న వాళ్లలో మన బందరు పట్టాభి సీతారామయ్య గారు ఒకరు. ఇంకా దేశమే చేతికి రాని వాళ్లు, వచ్చాక దాని సైన్యాన్ని వదులుకోవడం గురించి రాసుకున్నారు. అది తలచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

కడప భారతి

ప్రపంచ ప్రభుత్వం అంటే పార్లమెంటు ఉండాలి కదా. సీట్లు ఎలా పంచుతారు?

ఐరాస సర్వసభ్య సభలో పది పన్నెండు వేల మంది ఉన్న పసిఫిక్ ద్వీప దేశం తువాలుకు ఒక ఓటు, 140 కోట్లు దాటిన మనకూ ఒక ఓటు. ఇది అన్యాయం అంటే జనాభా లెక్కన ఇవ్వాలి. అప్పుడు భారత్, చైనా రెండే మూడో వంతు సీట్లు తీసుకుంటాయి. మనకు బాగానే ఉంటుంది. కానీ ఆ తువాలు మనిషి భయం మనకు అర్థం కాకపోతే ఎలా? లోక్‌సభ సీట్లు ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే రాష్ట్రాలకు ఉన్నాయి. ఏపీకి 25, తెలంగాణకు 17. 1976లో ఆ లెక్కను స్తంభింపజేశారు, 2026 దాకా పొడిగించారు. ఇప్పుడు దాన్ని కదిలిస్తారంటే దక్షిణాదిలో ఎంత టెన్షన్ ఉందో చూస్తున్నాం. ఒకే దేశంలో, ఒకే రాజ్యాంగం కింద ఉండి, కుటుంబ నియంత్రణ పాటించినందుకు గొంతు తగ్గిపోతుందేమోనని మనం భయపడుతున్నాం.

విజయనగరం వాసు

భారతి గారూ, అదే నేననేది. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో స్పష్టంగా చెప్పారు: ఇది రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని కలిసిన సమాఖ్య కాదు, కాబట్టి ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదు. అందుకే "యూనియన్" అన్నారు. మూడో అధికరణ ప్రకారం పార్లమెంటు రాష్ట్రాల గీతలు మార్చగలదు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలన్న నియమం లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఏపీ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసేసింది. పైవాడి చేతికి అధికారం ఇచ్చాక కిందివాడి "వద్దు"కు విలువ ఉండదు.

పాలమూరు యాదగిరి

తమ్ముడూ, అదే మూడో అధికరణ లేకపోతే తెలంగాణ ఎన్నడన్నా వచ్చేదా?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాలు, పదవులు, ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ మండలి, అన్నీ కాగితం మీద ఉండె. అమలు చేయించేటోడు లేడు. 1969లో పిల్లలు రోడ్డు మీదికి వచ్చి తుపాకీ గుండ్లు తిన్నారు. ఇద్దరు సమానంగా కూర్చుని రాసుకున్న ఒప్పందం అంటే అదీ. ఎక్కువ సీట్లున్నోడు ఒప్పుకుంటేనే తక్కువ సీట్లున్నోడు బయటికి పోవాలంటే అది ఎన్నటికీ కాదు. పైన ఇంకొకరు ఉన్నారు కాబట్టే మాకు దారి దొరికింది.

మీకు బాధ కలిగించాలని కాదు. మీరు గోడ అనుకున్నది మాకు తలుపయింది, అంతే.

విజయనగరం వాసు

బాధ ఏం లేదన్నా. ఆ కోణంలో నేను ఆలోచించలేదు, నిజంగా.

ఫ్రాంక్‌ఫర్ట్ ఫణి

మధ్య దారి ఒకటి నా కళ్ల ముందే ఉంది కాబట్టి రాస్తున్నాను. స్ట్రాస్‌బర్గ్ నుంచి కేల్‌కి ట్రామ్ వెళ్తుంది. రైన్ నది మీద వంతెన దాటితే ఫ్రాన్స్ అయిపోయి జర్మనీ వస్తుంది. టికెట్ కొట్టుకుని కూర్చోవడమే, మామూలుగా పాస్‌పోర్టు అడిగే నాథుడు ఉండడు. రొట్టెలు ఇటు కొనుక్కుని సబ్బులు, షాంపూలు అటు కొనుక్కునేవాళ్లను చూశాను. ఈ రెండు దేశాలూ 1870 నుంచి 1945 లోపు మూడుసార్లు కొట్టుకున్నాయి. ఆ నది ఒడ్డునే.

ఎవరూ ప్రపంచ ప్రభుత్వం పెట్టలేదు. 1951లో బొగ్గు, ఉక్కు మాత్రం ఉమ్మడిగా పెట్టుకున్నారు. యుద్ధానికి కావలసినవి అవే కాబట్టి. అక్కడి నుంచి ఒక్కొక్కటిగా సార్వభౌమత్వంలో కొంత కొంత కలుపుకుంటూ యూరోపియన్ యూనియన్ దాకా వచ్చారు. వద్దనుకుంటే పోవచ్చు కూడా, యూనియన్ ఒప్పందంలో యాభయ్యో అధికరణ అందుకే ఉంది. బ్రిటన్ 2016లో ఓటేసి 2020 జనవరి 31న వెళ్లిపోయింది. ఒక్క తుపాకీ పేలలేదు. అమెరికాలో 1861లో కొన్ని రాష్ట్రాలు వెళ్తామన్నప్పుడు అంతర్యుద్ధమే వచ్చింది కదా. నిర్మల గారి కాంట్ గెలిచిన చోటు ఏదైనా ఉంటే ఇదే.

అయితే రెండు మచ్చలు కూడా చెప్పాలి. 2015 జూలైలో అప్పుల షరతుల మీద గ్రీస్ ప్రజలు ఓటేశారు, 61 శాతం వద్దన్నారు. తర్వాత కొద్ది రోజులకే వాళ్ల ప్రభుత్వం అంతకంటే కఠినమైన షరతులకు తలొంచింది. రెండోది 2020 మార్చి. కరోనా రాగానే ఎవరి సరిహద్దు వాళ్లు మూసుకున్నారు. ఆ రైన్ నది మీద కూడా. అరవై డెబ్బై ఏళ్ల పని ఒక్క వారంలో ఆగిపోయింది.

మాచర్ల సాగర్

ఫణి గారూ, సరిహద్దులు మళ్లీ తెరిచారు కదా. మా కంచె కూడా తీసేశారు. నాకైతే ముఖ్యం అదే.

కానీ ప్లీడరు గారిని ఒకటి అడగాలి. ఐరాస ఉండగా అది ఈ పని ఎందుకు చేయలేకపోతోంది? 1945లో 51 దేశాలతో మొదలై ఇప్పుడు 193 ఉన్నాయి. ఇంకేం కావాలి?

నెల్లూరు ప్లీడరు

సాగర్ గారూ, లోపం సంఖ్యలో లేదు, చార్టర్‌లోనే ఉంది. భద్రతా మండలిలో ఐదుగురికి వీటో. ఆ వీటో తీసేయాలంటే చార్టర్ సవరించాలి, సవరణకు ఆ ఐదుగురూ ఒప్పుకోవాలి. తాళం చెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు. మండలి తలుచుకున్నా చేస్తుందన్న నమ్మకం లేదు. 1994లో రువాండాలో నరమేధం మొదలైన రెండు వారాలకు మండలి అక్కడి శాంతిసేనను 270 మందికి తగ్గించింది. పెంచాల్సిన సమయంలో తగ్గించింది. లక్షల మంది చచ్చిపోయారు.

ఇక రెండో అధికరణ, ఏడో క్లాజు. ఒక దేశం అంతర్గత వ్యవహారాల్లో ఐరాస జోక్యం చేసుకోకూడదు. ఈ క్లాజుతో మన తెలుగువాళ్లకు నేరుగా సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న మన సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వెళ్లింది. 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదు చేతిలోకి తీసుకుంది. హైదరాబాద్ స్వతంత్ర దేశం కాదు, ఇది మా ఇంటి విషయం అన్నది భారత్ వాదన. 17న నిజాం చేతులెత్తేశాడు. మండలి ఏమీ చేయకుండానే అయిపోయింది.

ఇప్పుడు చెప్పండి. ఐరాసకు నిజమైన పోలీసు బలం ఉండి, సెప్టెంబర్ 13 పొద్దున సరిహద్దులో మన సైన్యాన్ని ఆపి ఉంటే బాగుండేదా?

కడప భారతి

"ఇంటి విషయం" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, క్షమించండి.

మా వీధిలో ఒకావిడను భర్త రోజూ కొట్టేవాడు. మా అమ్మ తలుపు కొడితే వాడు సగం తెరిచి "మా ఇంటి విషయమండీ, మీకెందుకు" అని మూసేసేవాడు. ఆ మాట చెల్లదని చట్టం ఒప్పుకోవడానికి మన దేశానికి చాలా ఏళ్లు పట్టింది. గృహహింస చట్టం వచ్చింది 2005లో.

హైదరాబాద్ విషయానికే రండి. పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా జిల్లాల్లో, ఇంకొన్ని చోట్ల ముస్లింల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ నెహ్రూకు రిపోర్టు ఇచ్చింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. రజాకార్లు చేసింది ఘోరం, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఈ 27 వేల మంది గురించి అడగడానికి కూడా తలుపు మూసే ఉంది కదా.

నిర్మల, ఖమ్మం

ప్లీడరు గారి ప్రశ్నకు నేనే జవాబు చెప్పాలి. మాది మధిర దగ్గర పల్లె.

1948 వేసవిలో రజాకార్లు మా పక్క ఊరు తగలబెట్టారు. మా తాతయ్య రాత్రికి రాత్రి నానమ్మను, ముగ్గురు పిల్లల్ని బండెక్కించి వత్సవాయి వైపు వెళ్లిపోయాడు. అది కృష్ణా జిల్లా, మద్రాసు రాష్ట్రం. చక్రాలు చప్పుడు చేయకుండా ఇరుసుకు ఆముదం పోశానని చెప్పేవాడు. అలా సరిహద్దు దాటినవాళ్లు వేలమంది. బెజవాడ దాకా శిబిరాలే. తాతయ్య ఒక సత్రం అరుగు మీద నాలుగు నెలలు ఉన్నాడు. నేను కాంట్ పక్షం ఎందుకంటే, పుస్తకం చదివి కాదు, ఆ అరుగు ఉండబట్టి. కాంట్ కూడా ఒక్క హక్కు మాత్రం మనుషులందరికీ ఇచ్చాడు. పరాయి నేల మీద కాలు పెట్టినవాణ్ణి, వెళ్లగొడితే చచ్చిపోతాడనుకుంటే వెళ్లగొట్టకూడదు.

సెప్టెంబర్ 13న ఎవరైనా సైన్యాన్ని ఆపి ఉంటే తాతయ్య ఒప్పుకునేవాడా? లేదు. నేనూ ఒప్పుకోను.

కానీ భారతీ, నువ్వడిగింది కూడా ఉంది. తాతయ్య తిరిగొచ్చేసరికి మా పక్కిల్లు తాళం వేసి ఉంది. మస్తాన్ అనే దర్జీ ఉండేవాడట ఆ ఇంట్లో. మేం వెళ్లిపోయిన రాత్రి మా గేదెను విప్పుకుని తన దొడ్లో కట్టేసుకుంది, పాలు తీసి దూడను సాకింది అతనే. తిరిగొచ్చిన రోజు గేదె ఊరి చెరువు దగ్గర కనపడింది, మస్తాన్ కనపడలేదు. ఎవరినడిగినా తెలియదన్నారు. తాతయ్య 1991లో పోయాడు. చివరి ఏళ్లలో కూడా ఆ పేరు తీసేవాడు. మేం పారిపోవడానికి పక్కన ఒక రాజ్యం ఉంది. మస్తాన్‌కు ఎటువైపూ లేదు.

విజయనగరం వాసు

మేడమ్, నా మాట మార్చుకుంటున్నాను. సరిహద్దులు ఉండాలన్నదాన్ని వదులుకోను. పైన సైన్యం ఉండడం ఇప్పటికీ నాకు భయమే. కానీ మస్తాన్ ఏమయ్యాడని అడిగేవాడు ఒకడు ఉండాలి. గీత ఇవతలివాడు కాకుండా. ఏ దేశమూ "మా ఇంటి విషయం" అని తలుపేయలేని కోర్టు ఉండాలి. అలాంటిది కట్టగలమా?

నెల్లూరు ప్లీడరు

సగం కట్టారు. 1998లో రోమ్‌లో ఒప్పందం రాసుకున్నారు, 2002 జూలై 1 నుంచి హేగ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పనిచేస్తోంది. 120కి పైగా దేశాలు చేరాయి. అమెరికా, చైనా, రష్యా అందులో లేవు. భారత్ కూడా సంతకం పెట్టలేదు. వారంట్లు ఇస్తుంది, పట్టుకురావడానికి సొంత పోలీసులు లేరు. సభ్య దేశాలే పట్టివ్వాలి. 2002కు ముందు జరిగినవి దాని పరిధిలోకి రావు.

పాలమూరు యాదగిరి

వకీలు గారూ, ఆపిన ఏడు నెలల జీతం కోసం ఆ కోర్టుల కేసు వేయొచ్చా?

నెల్లూరు ప్లీడరు

వేయలేం యాదగిరి గారూ. జాతిహత్య, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ, ఈ నాలుగే అక్కడ వింటారు. మీ ఒప్పంద పత్రం, జీతం స్లిప్పులు ఏవైనా దగ్గరుంటే ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. అక్కడి లేబర్ కోర్టుకు ఇక్కడి నుంచి అర్జీ పెట్టడానికి దారి ఉందేమో చూస్తాను.